పెట్టె విప్పాడు, కేబుల్ గుచ్చాడు, వెళ్లిపోయాడు: మరి ఆ స్విచ్‌ని సెట్ చేసిందెవరు?

లాస్ట్ ఎపిసోడ్‌లో ఇంటి వైఫై రూటర్ గురించి మాట్లాడుకున్నాం కదా. అది చూసి చాలామంది అడిగింది ఒకటే: ఇంట్లో ఒక్క రూటరే కాబట్టి సెట్టింగ్స్ పేజీ తెరిచి మనమే పెట్టుకుంటాం, మరి కాలేజీల్లో, ఆఫీసుల్లో అన్నేసి డబ్బాలుంటాయి, వాటన్నిటికీ ఎవరు కూర్చుని పెడతారు అని. మంచి ప్రశ్న. ఈ రోజు మొత్తం దాని మీదే.

ముందు స్విచ్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం ఒక్క నిమిషం. లైటు వేసే స్విచ్ కాదు. మీ కాలేజీ కారిడార్‌లో పైన గోడకి చిన్న ఇనుప బీరువా లాంటిది బిగించి ఉంటుంది చూడండి, అద్దం తలుపు, లోపల పచ్చ లైట్లు మినుకుమినుకుమంటూ, నీలం కేబుళ్లు గుత్తులుగా దిగుతూ. దాన్ని ర్యాక్ అంటారు. అందులో 24 గానీ 48 గానీ పోర్టులున్న పొడుగాటి డబ్బా ఉంటుంది, అదే నెట్‌వర్క్ స్విచ్. ల్యాబ్ కంప్యూటర్లు, సీలింగ్‌కి ఉన్న వైఫై యాక్సెస్ పాయింట్లు, సీసీ కెమెరాలు, అన్నీ వచ్చి దాంట్లోనే చేరతాయి. క్యాంపస్‌లో మీ ఫోన్‌కి వైఫై వస్తోందంటే వెనకాల ఎక్కడో ఒక స్విచ్ పనిచేస్తున్నట్టే.

కొత్త స్విచ్ ఫ్యాక్టరీ నుంచి ఖాళీ బుర్రతో వస్తుంది. పేరు లేదు, ఐపీ అడ్రస్ లేదు, ఏ పోర్టు ఎవరిదో తెలియదు. పాత పద్ధతిలో అయితే ఒక ఇంజినీర్ లాప్‌టాప్ తీసుకుని, కన్సోల్ కేబుల్ గుచ్చి, నల్ల స్క్రీన్ మీద కమాండ్లు కొట్టాలి. మనం ఒక కాలేజీ ఉదాహరణ అనుకుందాం: మూడు బ్లాకులు, ఒక హాస్టల్, మొత్తం 60 స్విచ్‌లు. ఒక్కోదానికి 20 నిమిషాలు వేసుకున్నా 20 గంటలు. అది కూడా ఒక్క తప్పు టైప్ చేయకుండా ఉంటే. 37వ స్విచ్ దగ్గరికి వచ్చేసరికి ఎంత ఓపికున్నవాడికైనా కళ్లు మూతలు పడతాయి, ఒక నంబర్ అటుది ఇటు అవుతుంది, హాస్టల్ మూడో అంతస్తులో నెట్ ఉండదు.

అందుకే జీరో టచ్ ప్రొవిజనింగ్ అనే పద్ధతి వచ్చింది. డబ్బా విప్పి, ర్యాక్‌లో బిగించి, కరెంటు ఇచ్చి, పైనుంచి వచ్చే కేబుల్ గుచ్చేస్తే చాలు. స్విచ్ తనంతట తానే "నేనెవరు? నా కాన్ఫిగ్ ఎక్కడుంది?" అని అడిగి, తెచ్చుకుని, పెట్టేసుకుంటుంది. ఎలక్ట్రీషియన్ అయినా బిగించి వెళ్లిపోవచ్చు.

వినడానికి మ్యాజిక్ లాగా ఉంది కదా. కానీ దీంట్లో సగం పని మీ ఫోన్ రోజూ చేస్తూనే ఉంది. మీరు కొత్త వైఫైకి కనెక్ట్ అయినప్పుడు మీ ఫోన్ నెట్‌వర్క్‌లో ఒక కేక వేస్తుంది: "ఎవరైనా ఉన్నారా, నాకు ఒక అడ్రస్ కావాలి!" దీని పేరు డిస్కవర్. అక్కడున్న సర్వర్ "ఇదిగో, ఈ అడ్రస్ తీసుకో" అంటుంది, అది ఆఫర్. ఫోన్ "సరే, అదే నాకివ్వు" అంటుంది, అది రిక్వెస్ట్. సర్వర్ "నీదే, ఇంతసేపు వాడుకో" అంటుంది, అది అక్‌నాలెడ్జ్. ఈ నాలుగు మాటల సంభాషణే డీహెచ్‌సీపీ. ఇంటర్వ్యూల్లో డోరా అని అడుగుతారు, ఆ నాలుగు పేర్ల మొదటి అక్షరాలే. సర్వర్ 67వ పోర్టులో వింటుంది, అడిగేవాళ్లు 68లో వింటారు.

ఇక్కడ నాకు బాగా నచ్చే చరిత్ర ఒకటుంది. డీహెచ్‌సీపీ మొదటి స్టాండర్డ్ 1993లో వచ్చింది, ఇప్పటికీ మనం వాడే ఆర్‌ఎఫ్‌సీ 2131 అనే పత్రం 1997 మార్చిలో వచ్చింది. కానీ దానికి ముందు 1985లోనే బూట్‌పీ అని ఒకటుంది. డీహెచ్‌సీపీ దానికి కొడుకు లాంటిది, ప్యాకెట్ ఆకారం కూడా తండ్రిదే. ఆ బూట్‌పీ ఎందుకు పుట్టిందంటే, అప్పట్లో హార్డ్ డిస్క్ లేని కంప్యూటర్లు ఉండేవి. ఆన్ చేయగానే వాటికి ఏమీ తెలియదు. "నేనెవరు, నన్ను నడిపే ఫైల్ ఏ సర్వర్‌లో ఉంది" అని అడగడానికే బూట్‌పీ. అంటే మనం ఇప్పుడు కొత్త టెక్నాలజీ అని చెప్పుకుంటున్న ఈ ఖాళీ బుర్ర సమస్య 40 ఏళ్ల పాతది. ఫోన్లకి అడ్రస్‌లు పంచే పనే తర్వాత వచ్చింది.

సర్వర్ అడ్రస్‌తో పాటు ఇంకొన్ని వివరాలు కూడా పంపగలదు. వాటిని ఆప్షన్లు అంటారు, ప్రతిదానికీ ఒక నంబర్. గేట్‌వే ఎవరో చెప్పేది ఆప్షన్ 3, డీఎన్‌ఎస్ సర్వర్ ఎవరో చెప్పేది 6. మీ ఫోన్‌కి ఇవి చాలు. స్విచ్‌కి ఇంకా కావాలి: ఫైల్ ఏ సర్వర్‌లో ఉందో చెప్పే 66, ఆ ఫైల్ పేరు చెప్పే 67, ఒక్కో కంపెనీ తనకి నచ్చినట్టు వాడుకునే 43. అడిగేవాళ్లు కూడా తామెవరో చెప్పుకోవచ్చు, దానికి ఆప్షన్ 60. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే అందులో ఆండ్రాయిడ్-డీహెచ్‌సీపీ అని, పక్కన తన వెర్షన్ నంబర్ వేసి పంపుతుంది. సిస్కో కొత్త స్విచ్ అయితే సిస్కోపీఎన్‌పీ అని పంపుతుంది. దాన్ని చూసి సర్వర్ ఫోన్‌కి ఒక జవాబు, స్విచ్‌కి ఇంకో జవాబు ఇవ్వగలదు.

సిస్కో వాళ్ల ఆప్షన్ 43 ఎలా ఉంటుందో చెప్తాను, సరదాగా ఉంటుంది. ఒకే లైను: 5ఏ1డీ, బీ2, కే4, ఐ పక్కన సర్వర్ ఐపీ, జే80. చూస్తే ఎవరో కీబోర్డ్ మీద చెయ్యి ఆనించినట్టుంటుంది. కానీ ప్రతి అక్షరానికీ అర్థముంది. బీ2 అంటే "నేనిచ్చేది ఐపీ అడ్రస్, పేరు కాదు" అని. కే4 అంటే హెచ్‌టీటీపీలో రా, కే5 అయితే హెచ్‌టీటీపీఎస్‌లో రా. జే అంటే పోర్టు నంబర్. ఈ ఒక్క లైను పట్టుకుని స్విచ్ తన యజమాని దగ్గరికి వెళ్లిపోతుంది. ఈ లైను దొరక్కపోతే పీఎన్‌పీసర్వర్ అనే పేరు కోసం డీఎన్‌ఎస్‌లో వెతుకుతుంది. అదీ దొరక్కపోతే ఇంటర్నెట్‌లో ఉన్న సిస్కో సొంత సర్వర్‌ని అడుగుతుంది.

ఇంతవరకు బాగుంది. ఇప్పుడు అసలు చిక్కుముడి. చాలా ట్యుటోరియల్స్ ఇక్కడ జారుకుంటాయి, అందుకే నేను ఇక్కడే ఎక్కువసేపు ఉంటాను.

మన కాలేజీలో అందరినీ ఒకే నెట్‌వర్క్‌లో కలిపేయం కదా. స్టూడెంట్స్ వేరు, స్టాఫ్ వేరు, కెమెరాలు వేరు. అవే కేబుళ్లు, అవే స్విచ్‌లు, కానీ లోపల వేర్వేరు నెట్‌వర్క్‌లు నడుస్తున్నట్టు విడదీస్తాం. వాటినే వీలాన్‌లు అంటారు. స్విచ్‌కీ స్విచ్‌కీ మధ్య ఉండే కేబుల్‌లో, అంటే ట్రంక్‌లో, అన్ని వీలాన్‌ల ప్యాకెట్లూ కలిసే ప్రయాణిస్తాయి. ఏది ఎవరిదో తెలియడానికి ప్రతి ప్యాకెట్‌కీ నాలుగు బైట్ల చీటీ అంటిస్తారు, అదే ట్యాగ్. అందులో వీలాన్ నంబర్‌కి 12 బిట్ల చోటుంటుంది, కాబట్టి 1 నుంచి 4094 దాకా వాడుకోవచ్చు. ఈ పద్ధతి రాసి ఉన్న స్టాండర్డ్ పేరు 802.1క్యూ, 1998లో వచ్చింది. చీటీ లేకుండా వచ్చే ప్యాకెట్ల సంగతి? వాటిని పడేయడానికి ప్రతి ట్రంక్‌కీ ఒక వీలాన్ ఉంటుంది, దాన్ని నేటివ్ వీలాన్ అంటారు. ఎవరూ ముట్టుకోకపోతే అది 1.

వీటన్నిటితో పాటు మేనేజ్‌మెంట్ వీలాన్ అని ఇంకొకటి పెట్టుకుంటాం. మన ఉదాహరణలో 10 అనుకోండి. స్విచ్‌లలోకి లాగిన్ అయ్యే దారి అదొక్కటే. హాస్టల్‌లో కూర్చున్న ఏ కుర్రాడికీ స్విచ్ లాగిన్ స్క్రీన్ కనిపించకూడదు, అందుకే ఆ దారిని విడిగా ఉంచుతాం.

ఇప్పుడు ఆలోచించండి. కొత్త స్విచ్‌కి మేనేజ్‌మెంట్ వీలాన్ నంబర్ 10 అని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అది చెప్పే కాన్ఫిగ్ ఉన్నది సర్వర్‌లో. సర్వర్ దగ్గరికి పోవాలంటే వీలాన్ 10లోంచి పోవాలి. తాళంచెవి బీరువా లోపలే పెట్టి బీరువాకి తాళం వేసినట్టు. పాపం స్విచ్ ఏం చేస్తుంది, చీటీ లేకుండానే తన డిస్కవర్ కేక వేస్తుంది. పైనున్న స్విచ్ ఆ కేకని నేటివ్ వీలాన్‌లో, అంటే 1లో పడేస్తుంది. వీలాన్ 1లో వినేవాళ్లు ఎవరూ లేరు. స్విచ్ కేకలు వేస్తూనే ఉంటుంది.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు మా టీమ్ పని ఇలాంటి ఆటోమేషన్ టూల్స్ రాయడమే. ఒక క్లయింట్ కంపెనీకి కర్నూలు వైపు చిన్న బ్రాంచి ఉండేది. అక్కడ స్విచ్ పోతే కొత్తది కొరియర్‌లో పంపించారు. ఆఫీస్ అసిస్టెంట్ కుర్రాడే బిగించి ఫోన్ చేశాడు. "అక్కా, లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయి. గంటయింది. ఏం రావట్లేదు. తీసి మళ్లీ పెట్టమంటారా?" అతను చేసిన పనిలో ఏ లోపమూ లేదు. కేబుల్ సరిగ్గా ఉంది, స్విచ్ మంచిదే, సర్వర్‌లో కాన్ఫిగ్ రెడీగా ఉంది. కానీ పై స్విచ్‌లో నేటివ్ వీలాన్ 1, అందులో డీహెచ్‌సీపీ లేదు. పైనుంచి ఒక్క లైను మార్చగానే ఎనిమిది నిమిషాల్లో స్విచ్ పైకొచ్చింది. పచ్చ లైటు చెప్పేది కేబుల్ తగిలిందని మాత్రమే, మాట వినబడిందని కాదు.

మరి ఆ ముడి ఎలా విప్పాలి? చీటీ లేని ప్యాకెట్లు పడే ఆ నేటివ్ వీలాన్‌నే మనకి పనికొచ్చేలా చేసుకోవడం ఒక దారి. నాకు ఇష్టమైన దారి కూడా అదే. 999 అని ఒక కొత్త వీలాన్ పెట్టుకుంటాం, ఆన్‌బోర్డింగ్‌కి మాత్రమే. కింద కొత్త స్విచ్ వచ్చే ప్రతి ట్రంక్‌లో నేటివ్ వీలాన్ 999 చేస్తాం. అందులో చిన్న డీహెచ్‌సీపీ పూల్, అడ్రస్ గడువు అరగంటకి మించకుండా. కొత్త స్విచ్ వేసే కేక నేరుగా అందులో పడుతుంది. డీహెచ్‌సీపీ సర్వర్ అదే వీలాన్‌లో ఉండక్కర్లేదు. కేకలు వీలాన్ దాటి పోవు కాబట్టి, గేట్‌వే దగ్గర రిలే పెడితే అది కేకని అందుకుని, "ఇది 999 నుంచి వచ్చింది" అని గుర్తు వేసి సర్వర్‌కి చేరవేస్తుంది.

ఇంకో దారి, పై స్విచ్చే కిందదానికి చెవిలో చెప్పడం. సిస్కోలో పీఎన్‌పీ స్టార్టప్-వీలాన్ అని ఒక కమాండ్ ఉంది. పై స్విచ్‌లో ఆ కమాండ్ ఇచ్చి నంబర్ రాస్తే, పక్కపక్క డబ్బాలు పలకరించుకునే సీడీపీ అనే భాషలో ఆ నంబర్ కొత్త స్విచ్‌కి వెళ్తుంది. అది ఆ వీలాన్‌ని తనే సృష్టించుకుని, పైకి వెళ్లే పోర్టుని ట్రంక్ చేసుకుని, అప్పుడు డీహెచ్‌సీపీ అడుగుతుంది. అంటే నేరుగా మేనేజ్‌మెంట్ వీలాన్‌లోనే పుడుతుంది. చాలా నీట్‌గా ఉంటుంది, కాకపోతే రెండు డబ్బాలూ సిస్కోవే అయ్యుండాలి. మన దగ్గర చాలా క్యాంపస్‌లలో పాత టెండర్‌లో ఒక కంపెనీ, కొత్త టెండర్‌లో ఇంకో కంపెనీ ఉంటుంది. అక్కడ మొదటి దారే గతి.

మేనేజ్‌మెంట్ వీలాన్ 10నే నేటివ్ చేసేస్తే పోలా అని కొందరంటారు. పనిచేస్తుంది, కాదనను. కానీ అప్పుడు ఎవడో లాప్‌టాప్ తెచ్చి ఆ ట్రంక్ కేబుల్ గుచ్చుకుంటే, చీటీ లేకుండానే నేరుగా స్విచ్‌ల లాగిన్ గుమ్మం ముందు నిలబడతాడు. నేనైతే చేయను.

సరే, స్విచ్‌కి అడ్రస్ వచ్చింది, సర్వర్ దొరికింది. సర్వర్ ఏ కాన్ఫిగ్ ఇవ్వాలి? 60 స్విచ్‌లలో ఇది ఎవరు? మామూలుగా సీరియల్ నంబర్ అడుగుతుంది. కొనేటప్పుడే ఏ సీరియల్ ఏ బ్లాక్‌కో ఒక జాబితా రాసుకుంటే సరిపోతుంది. కానీ బిగించేవాళ్లు డబ్బాలు తారుమారు చేస్తే? లైబ్రరీ కాన్ఫిగ్ హాస్టల్‌కి పోతుంది. దీనికి ఆప్షన్ 82 అని ఒక ఉపాయం 2001 నుంచి ఉంది. కొత్త స్విచ్ వేసిన కేకకి పై స్విచ్ తన తరఫున ఒక ముక్క కలుపుతుంది: "ఇది నా 23వ పోర్టు నుంచి వచ్చింది" అని. అప్పుడు డబ్బా ఏదైనా సరే, ఏ చోట గుచ్చారో దాన్నిబట్టి కాన్ఫిగ్ ఇవ్వొచ్చు. మనుషులు డబ్బాలు కలిపేస్తారు, గోడలో దిగిన కేబుల్ మాత్రం చోటు మారదు.

ఇప్పుడొచ్చేది అన్నిటికంటే సున్నితమైన నిమిషం. స్విచ్ ఇప్పుడు 999లో ఉంది, దాని అసలు ఇల్లు 10. కాన్ఫిగ్ దిగుతుండగా మధ్యలో అడ్రస్ మారాలి, వీలాన్ మారాలి, గేట్‌వే మారాలి. ఏ దారిలో ఆ కాన్ఫిగ్ వస్తోందో ఆ దారినే మూసేయాలి. కూర్చున్న కొమ్మని నరుక్కోవడమే ఇది. అందుకని క్రమం తప్పకూడదు. ముందు వీలాన్ 10 సృష్టించాలి, దాన్ని ట్రంక్‌లో అనుమతించాలి, దానికి అడ్రస్ ఇవ్వాలి, గేట్‌వే అందుతోందో లేదో చూడాలి, అప్పుడే 999లో ఉన్న అడ్రస్ తీసేయాలి. రెండు వీలాన్‌లలోనూ గేట్‌వేలు పెట్టుకుని కొన్ని స్విచ్‌లు అయోమయంలో పడతాయి, ప్యాకెట్ ఒక దారిన వస్తే జవాబు ఇంకో దారిన పోతుంది. జునిపర్ వాళ్ల డబ్బాల్లో దీనికి ఒక మంచి కమాండ్ ఉంది, కమిట్ కన్‌ఫర్మ్డ్. కొత్త కాన్ఫిగ్ పెట్టాక 10 నిమిషాల్లోగా "బాగుంది, ఉంచు" అని నువ్వు మళ్లీ చెప్పకపోతే, అదే పాతదానికి వెనక్కి వెళ్లిపోతుంది. అర్ధరాత్రి రిమోట్‌గా పనిచేసేవాళ్ల ప్రాణాలు కాపాడే కమాండ్ అది.

ఇంకో విషయం చాలామంది మర్చిపోతారు. ఈ స్విచ్ కింద ఇంకో స్విచ్ ఉంటే? హాస్టల్‌లో ఒకదాని కింద ఒకటి గొలుసులా ఉంటాయి. పై స్విచ్ ఆన్‌బోర్డ్ అయిపోయాక, దాని కింది ట్రంక్‌లో కూడా నేటివ్ 999 ఉండాలి, లేదంటే గొలుసు అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి టెంప్లేట్‌లోనే ఆ లైను రాసి ఉంచాలి. పని అయిపోయాక కూడా తీసేయకుండా ఉంచితే ఒక లాభముంది: రెండేళ్ల తర్వాత ఒక ఆదివారం స్విచ్ కాలిపోతే, స్టోర్‌లో ఉన్నది తెచ్చి వాచ్‌మన్ అన్న గుచ్చినా పైకొస్తుంది.

ఫీల్డ్‌లో ఇరుక్కునే చోట్లు కొన్ని గబగబా చెప్పేస్తాను. పాత స్పానింగ్ ట్రీ నడుస్తుంటే పోర్టు తెరుచుకోవడానికే 30 సెకన్లు పడుతుంది, ఈలోపు వేసిన కేకలు గాలికి పోతాయి. మళ్లీ వేస్తుంది, కంగారు పడి కేబుల్ పీకొద్దు. పై పోర్టులో బీపీడీయూ గార్డ్ ఉంటే, కింద ఇంకో స్విచ్ కనబడగానే ఆ పోర్టే మూసుకుపోతుంది. రెండు కేబుళ్లని కలిపి ఒకటిగా వాడే ఎల్‌ఏసీపీ పైన ముందే పెట్టి ఉంటే, కొత్త స్విచ్‌కి ఆ భాష ఇంకా రాదు కాబట్టి పై పోర్టు దాన్ని పట్టించుకోదు. దీనికి ఎల్‌ఏసీపీ ఫాల్‌బ్యాక్ అనే సెట్టింగ్ ఉంటుంది, జవాబు రాకపోతే మామూలు పోర్టులా పనిచేయమని. ఇక గడియారం. కొత్త డబ్బాలో తేదీ తప్పుగా ఉంటే హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ "ఇంకా పుట్టలేదు" అనిపించి కనెక్షనే ఒప్పుకోదు, అందుకని టైమ్ సర్వర్ ఎవరో కూడా డీహెచ్‌సీపీలోనే చెప్పాలి. చివరిది నవ్వొచ్చేది: సిస్కో స్విచ్‌కి కన్సోల్ కేబుల్ పెట్టి "ఏమవుతుందో చూద్దాం" అని ఎంటర్ కొట్టారనుకోండి, ఎవరో మనిషి వచ్చాడని అది ఆటోమేటిక్ పని ఆపేస్తుంది. చూడండి, ముట్టుకోకండి.

ఇప్పుడు నన్ను నిజంగా ఆలోచింపజేసే భాగం. ఇంతసేపు మనం "స్విచ్ కేక వేస్తుంది, సర్వర్ జవాబిస్తుంది" అన్నాం. ఏ సర్వర్? డీహెచ్‌సీపీలో గుర్తింపు కార్డు చూపించడం అంటూ లేదు. ఎవరి జవాబు ముందొస్తే వాళ్లే పెద్ద. ఆ మొదటి రెండు నిమిషాల్లో కొత్త స్విచ్ చిన్నపిల్లలాంటిది, ఎవరు చెయ్యి పట్టుకుంటే వాళ్ల వెంట వెళ్తుంది. ఆప్షన్ 60లో "నేను స్విచ్‌ని" అని అబద్ధం చెప్పి లాప్‌టాప్ కూడా కాన్ఫిగ్ దించుకోవచ్చు. ఆ కాన్ఫిగ్‌లో పాస్‌వర్డ్‌లుంటాయి.

ఇది ఊహ కాదు. సిస్కోకి ఇంతకుముందు స్మార్ట్ ఇన్‌స్టాల్ అని ఒక పద్ధతి ఉండేది, ఇదే పని కోసం, కొత్త స్విచ్‌లని తేలిగ్గా చేర్చుకోవడానికి. 4786 అనే పోర్టులో వింటుంది. పాస్‌వర్డ్ అడగదు, ఎందుకంటే కొత్త స్విచ్‌కి పాస్‌వర్డ్ ఎక్కడిది? కానీ ఆన్‌బోర్డింగ్ అయిపోయాక కూడా అది తెరిచే ఉండేది, చాలామంది దాన్ని ఆపలేదు. 2018 ఏప్రిల్‌లో ఎవరో ఇంటర్నెట్‌లో ఆ పోర్టు తెరిచి ఉన్న స్విచ్‌లని వెతికి, వాటి కాన్ఫిగ్‌లు చెరిపేశారు. తెరిచి చూస్తే అమెరికా జెండా బొమ్మ, మా ఎన్నికల జోలికి రావద్దంటూ ఒక హెచ్చరిక. రష్యా, ఇరాన్ దెబ్బతిన్నాయి. ఇరాన్‌లోనే సుమారు 3,500 స్విచ్‌లు అని అక్కడి ప్రభుత్వం చెప్పింది. ఆపడానికి కావాల్సింది నో వీస్టాక్ అనే రెండు మాటల కమాండ్.

అందుకే 999 వీలాన్‌ని నేను ఆస్పత్రిలో పుట్టిన బిడ్డల గదిలా చూస్తాను. లోపలికి ఎవరు వస్తున్నారో, బయటికి ఏం పోతోందో లెక్క ఉండాలి. ఆ వీలాన్ నుంచి ప్రొవిజనింగ్ సర్వర్, డీఎన్‌ఎస్, టైమ్ సర్వర్, ఈ మూడింటికే దారి. ఇంటర్నెట్ లేదు, వీలాన్ 10కి దారి లేదు, స్టూడెంట్స్ వైపు అసలే లేదు. డీహెచ్‌సీపీ స్నూపింగ్ పెట్టి, పైకెళ్లే పోర్టు నుంచి తప్ప ఇంకెక్కడి నుంచి ఆఫర్ వచ్చినా పడేయాలి. జాబితాలో లేని సీరియల్ నంబర్ వస్తే సర్వర్ కాన్ఫిగ్ ఇవ్వకుండా పక్కన కూర్చోబెట్టి, ఒక మనిషి "సరే" అనేదాకా ఆగాలి. ఆ ఒక్క "సరే" వల్ల ఇది జీరో టచ్ కాకుండా పోతుందని కొందరు వాదిస్తారు. పోనీండి, వన్ టచ్ అందాం. 60 స్విచ్‌లకి 60 క్లిక్‌లు, ఐదు నిమిషాల పని.

దీనికి గట్టి పరిష్కారం కూడా వచ్చింది. ఫ్యాక్టరీలోనే ప్రతి డబ్బా చిప్‌లో చెరపలేని ఒక సర్టిఫికెట్ పెడతారు, అది దాని పుట్టుమచ్చ లాంటిది. స్విచ్ తనెవరో దాంతో రుజువు చేసుకుంటుంది. అటువైపు సర్వర్ కూడా "నువ్వు నా సొత్తే" అని తయారుచేసిన కంపెనీ తరఫున సంతకం ఉన్న వోచర్ చూపించాలి, లేకపోతే స్విచ్ దాని మాట వినదు. 2019లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8572, 2021లో వచ్చిన 8995 ఈ పద్ధతులనే రాశాయి. మీ కాలేజీలో ఉన్న డబ్బాలకి ఈ సౌకర్యం ఉందా లేదా అనేది కొనేముందు అడగాల్సిన ప్రశ్న. టెండర్‌లో జీరో టచ్ అని రాస్తే సరిపోదు, ఎవరు ఎవరిని గుర్తుపడతారో కూడా రాయాలి.

చేసి చూడాలనుకునేవాళ్లకి ఒక చిన్న పని చెప్తాను, స్విచ్ అక్కర్లేదు. మీ లాప్‌టాప్‌లో వైర్‌షార్క్ ఇన్‌స్టాల్ చేసి, మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, ఆ హాట్‌స్పాట్ ఇంటర్‌ఫేస్ మీద క్యాప్చర్ పెట్టండి. ఫిల్టర్‌లో డీహెచ్‌సీపీ అని టైప్ చేయండి. మీ దగ్గర బాగా పాత వెర్షన్ ఉంటే అది పనిచేయదు, బూట్‌పీ అని కొట్టాలి, తండ్రి పేరు అన్నమాట. ఇప్పుడు ఫోన్‌ని ఆ హాట్‌స్పాట్‌కి కనెక్ట్ చేయండి. నాలుగు లైన్లు రావాలి. రెండే వచ్చాయంటే ఫోన్‌కి పాత అడ్రస్ గుర్తుందని, ఫర్‌గెట్ నెట్‌వర్క్ కొట్టి మళ్లీ కనెక్ట్ చేయండి. మొదటి లైను తెరిచి ఆప్షన్ 60 చూడండి, మీ ఫోన్ తన గురించి ఏం చెప్పుకుంటోందో కనిపిస్తుంది. రెండో లైనులో ఆప్షన్ 51 చూస్తే ఆ అడ్రస్ ఎన్ని సెకన్లకి ఇచ్చారో ఉంటుంది.

కాలేజీ లాన్‌లో మాత్రం సొంతంగా డీహెచ్‌సీపీ సర్వర్ ఆన్ చేసి ప్రయోగాలు చేయొద్దు. స్నూపింగ్ లేకపోతే పక్క గదుల ఫోన్లన్నీ మీ లాప్‌టాప్‌ని అడ్రస్ అడగడం మొదలుపెడతాయి, సాయంత్రానికి వార్డెన్ సార్ మీ తలుపు కొడతారు. ఆ స్నూపింగ్ లోపల ఎలా పనిచేస్తుందో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటాను, బై.